వాగు పల్లంలో ఏం వేయాలి

ఆ ఏడు మా సెటిల్‌మెంట్‌కి లారీ రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నీళ్లు తెచ్చింది. రెండోసారి బియ్యం, పిండి, చేపల డబ్బాలు. పదెకరాల చెరకు రైతులం, ఖాళీ సంచులు చేతబట్టుకుని ప్రార్థన హాలు ముందు వరసలో నిలబడ్డాం.

1998 ఆగస్టు అది. ఫిజీలో, రాకిరాకి టౌను వెనక కొండల కింద మాది ముప్పై ఇళ్ల ఊరు. అంతకు ముందు సెప్టెంబరు నుంచే వాన ముఖం చాటేసింది. చెరకు మోకాలెత్తున ఆగిపోయి, ఆకు గోధుమరంగుకి తిరిగి, గాలి వీస్తే కాగితాల్లా గలగలలాడేది. కోతకి గ్యాంగు వచ్చి రెండు రోజుల్లో పని ముగించుకుని వెళ్లిపోయింది. మామూలుగా అయితే అది మూడు వారాల పని.

లారీ దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాయన పేర్లు రాసుకుంటున్నాడు. మా వంతు వచ్చింది. మా ఆయన సుందర్ ముందు, వెనక నేను, నా భుజం పట్టుకుని మా అత్త ద్రౌపది. అత్తకి డెబ్బై దాటాయి. మా ఇంట్లో తెలుగు తిన్నగా వచ్చింది ఆమెకే. నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను. సుందర్‌ది సగం తెలుగు, సగం మా ఫిజీ హిందీ.

"ఎన్ని ఎకరాలు?"

"పది" అన్నాడు సుందర్.

"ఏం వేస్తారు?"

"గన్నా."

"చెరకు కాకుండా? తినడానికి ఏమైనా?"

బల్ల దగ్గరాయన కలం ఎత్తి పట్టుకుని సుందర్ వైపు చూస్తున్నాడు. వెనక నుంచి అత్త అంది: "తినేది దుకాణంలో పండుతాది, సాబ్. మేం పోయి కోసుకొస్తాం."

వరసలో ఎవరో నవ్వారు. అత్త నవ్వలేదు. ఆమె ఎగతాళికి అన్న మాట కాదది. మా మామ మునస్వామి ఉన్న రోజుల్లో ఇంటి వెనక వరి ఉండేది, కందులుండేవి, రెండు ఆవులుండేవి. చెరకు రేటు బాగున్న ఏళ్లలో ఒక్కొక్క మడే చెరకులో కలిసిపోయింది. నేను కాపరానికి వచ్చేసరికి ఇంటి గోడ దాకా చెరకే. అదే గొప్ప అనుకున్నాం. అంగుళం వదలని రైతు అని సుందర్‌ని అందరూ మెచ్చుకునేవాళ్లు.

బియ్యం నెత్తిన పెట్టుకుని తిరిగానో లేదో, హాలు పక్కన మామిడి నీడలో లీతియా కనిపించింది. లీతియా కోరో మనిషి, అంటే వాగు అవతలి ఫిజియన్ల పల్లె మనిషి. మేం సాగు చేసే పదెకరాలూ వాళ్ల వంశానివే. మామ ముప్పై ఏళ్ల లీజుకి తీసుకున్నాడు. ఆమెతో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లోనూ సంచులు. లారీ ఆయన వాళ్లని పంపేశాడట. ఈ జాబితా చెరకు పోయిన రైతులకి, కోరో వాళ్లకి వేరే జాబితా వస్తుంది అన్నాడట. ఎప్పుడు వస్తుందో ఆయనకీ తెలియదు.

చిన్నప్పటి నుంచీ నాకు చెప్పింది ఒక్కటే: భూమి వాళ్లది, మనం కౌలుదార్లం. ఆ భూమి గల మనిషి ఖాళీ సంచీతో నిలబడి ఉంది, నా నెత్తిన బియ్యం ఉంది. ఆమెను పలకరించాలో తల తిప్పుకుని పోవాలో తోచలేదు. తల తిప్పుకునే పోయాను.

ఇంటికి చేరాక అత్త చేటలోకి బియ్యం ఒంపి రెండు పాళ్లు చేసింది. ఒక పాలు గుడ్డలో మూట కట్టింది.

"ఎవరికత్తా?"

"చూసినావు గదా ఆ పిల్ల ముఖం. పోయి ఇచ్చిరా."

ఆ పిల్లకి నలభై ఏళ్లుంటాయి. వాగు దాటి వెళ్లి ఇచ్చాను. లీతియా వాళ్ల భాషలో "వినాకా", థాంక్స్, అంది, అంతే. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో అడవి దుంపల బుట్ట పెట్టి వెళ్లింది. కొండ మీద రాళ్ల సందుల్లో తవ్వి తెచ్చినవి, మట్టి ఇంకా ఆరలేదు. ఉడకేసి తిన్నాం. మా అమ్మాయి విమ్లా, అప్పటికి పదకొండేళ్లది, రెండోసారి అడిగి పెట్టించుకుంది.

సెప్టెంబరులో సుందర్ ద్రాసా వెళ్లాడు. అక్కడ కలప మిల్లులో దుంగలు మోసే పని దొరికింది. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి సోమవారం తెల్లారి వెళ్లేవాడు. పొలంలో చూసుకోవడానికి ఏమీ లేదు కాబట్టి నేనూ అత్తా ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లం. దేనికోసమో మాత్రం చెప్పలేను.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం లీతియా వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమె మాతో మా హిందీలోనే మాట్లాడేది, మాకన్నా గబగబా.

"సర్లా, వాగు పక్క పల్లం ఉంది కదా మీ చెరకులో. అక్కడ నేల ఇంకా చల్లగా ఉంది. కర్రపెండలం వేసుకోనా?"

అర ఎకరం పైన ఉంటుంది ఆ పల్లం. మా పొలంలో అన్నిటికంటే మంచి నేల అదే. చెరకు అక్కడ కూడా పోయింది.

"నేల మీదే కదా, నన్నడుగుతావేంటి?" అన్నాను.

"నేల మాది. కాగితం మీది" అంది. "కాగితం ఉన్నన్నాళ్లు మీరు చెప్పాలి."

"విమ్లా నాయన రానీ, అడుగుతా."

"శనివారం దాకా తడి ఆగదు."

అత్త వైపు చూశాను. ఆమె తమలపాకు నములుతూ బయటికి చూస్తోంది. ఎటు తిరిగి చూసినా నిర్ణయం నా మీదే పడేట్టుంది. ఇన్నేళ్ల కాపరంలో ఆ పొలంలో ఏ మడిలో ఏం వేయాలో నన్ను ఎవరూ అడగలేదు. సరే అన్నాను. ఎందుకన్నానని ఎన్నోసార్లు ఆలోచించాను. జాలా, ఆకలా, లేక అడిగారన్న సంబరమా, నాకు తేలలేదు.

మర్నాడే చచ్చిన చెరకు దుబ్బులు పీకి పడేశాం. లీతియా కోరో నుంచి కర్రముక్కలు మోసుకొచ్చింది. ఏటవాలుగా గుచ్చి మట్టి ఎగదోయడం ఆమె చూపించింది. అత్త పల్లం గట్టున కూర్చుని వరసలు వంకరపోతున్నాయని కేకలేస్తూ ఉంది. సగం వాళ్లకి, సగం మాకు అనుకున్నాం. కాగితం రాసుకోలేదు.

సుందర్ శనివారం వచ్చి చూశాడు. కోపం చేస్తాడని బిక్కుబిక్కుమంటున్నాను. పల్లం చుట్టూ ఒకసారి నడిచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు.

"పూఛలేదే, అడగలేదే నన్ను" అన్నాడు.

"నువ్వు లేవు."

"హా, లేను" అన్నాడు. అన్నం తిని పడుకున్నాడు.

నవంబరు ఆఖరులో వాన పడింది. జనవరికి పూర్తిగా తెరిపి లేని వానలు. కర్రపెండలం నడుమెత్తున లేచి, ఎర్ర కాడల మీద పచ్చటి ఆకు విప్పుకుంది. పొద్దున్న లేచి అటువైపు చూడకుండా ఉండలేకపోయేదాన్ని. ఇంకో ఆరు నెలలకి దుంప ఊరుతుంది.

ఫిబ్రవరిలో సుందర్ కొత్త కబురు తెచ్చాడు. కరువులో చెరకు పోయిన వాళ్లకి మళ్లీ నాటుకునేందుకు సాయం ఇస్తున్నారు: ట్రాక్టరు దున్నకం, ముచ్చెలు అంటే నాటే చెరకు ముక్కలు, ఎరువు. కనీసం నాలుగెకరాలు కొత్తగా నాటాలి. ఆఫీసరు వచ్చి కొలుస్తాడు. అది ఒకవైపు. రెండోవైపు, మా లీజు ఆ డిసెంబరుకి తీరిపోతోంది. ఇప్పుడు నాటిన చెరకు కోతకి రావాలంటే వచ్చే ఏడు జూన్ దాటాలి. ఆ తర్వాత కోసిన దుబ్బుల నుంచి లేచే పిలక తోట ఇంకో మూడు నాలుగేళ్లు ఇస్తేనే నాటినందుకు ఫలితం.

"లీజు లేకపోతే ఎవరికి నాటేది?" అన్నాను.

"నాటకపోతే లీజు ఎవరిస్తారు? పొలం ఖాళీగా పెట్టినాడు అంటారు." కాసేపాగి మళ్లీ అన్నాడు: "ఆఫీసులో ఒకడు లీజు పొడిగిస్తారన్నాడు. ఇంకొకడు పొడిగించరన్నాడు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నారు."

చివరికి కోరోకి వెళ్లి అడుగుదామనుకున్నాం. వాళ్ల పద్ధతి ప్రకారం వాళ్లు దంచి నీళ్లలో కలిపి తాగే యంగోనా వేర్లు ఒక కట్ట కొనుక్కుని, నేను శుభ్రమైన చీర కట్టుకుని, ఇద్దరం వాగు దాటాం. వాళ్ల వంశానికి పెద్ద, లీతియాకి పెదనాన్న, చాప మీద కూర్చుని ఉన్నాడు. సుందర్ ఆ కట్ట ముందు పెట్టి, వచ్చిన పని తడబడుతూ చెప్పాడు. యంగోనా కలిపారు. చిప్ప చేతులు మారింది. నేను ఆడవాళ్లతో వెనక కూర్చున్నాను, లీతియా పక్కన.

పెద్దాయన తన చిప్ప ఖాళీ చేసి కింద పెట్టి అన్నాడు: "లీజు కాగితం సువా ఆఫీసులో ఉంది. దాన్ని నేనెప్పుడూ చూడలేదు. అద్దె వస్తుంది, అందరికీ పంచితే నా వంతుకి ఒక పూట కూర వస్తుంది. ఉంచుదామని కొందరంటున్నారు, వద్దని కొందరు. నేను చెప్పేస్తే అయిపోయేది కాదు."

సుందర్ తల ఊపాడు.

"నా తమ్ముడి కొడుకులు చెరకు వేస్తామంటున్నారు" అన్నాడాయన. "నువ్వు ముప్పై ఏళ్లుగా ఆ నేల మీద ఉన్నావు. తెల్లారకముందే లేస్తావు, నేను చూస్తూనే ఉన్నాను. అయినా మొన్న లారీ దగ్గర నిలబడ్డావు. నన్నడగడం కాదు, నేనే నిన్నడుగుతాను. చెరకులో ఏమైనా ఉందా? మా వాళ్లని వేయమననా?"

ఉంది అంటే, మంచిది, అయితే మా పిల్లలే వేస్తారు అంటారు. లేదంటే, మరి ఆ నేల ఇంకా ఎందుకు అడుగుతున్నావు అంటారు. సుందర్ మెడ మీద చెమట చాలు కట్టడం వెనక నుంచి కనిపిస్తోంది.

"నాకు మాలూమ్ లేదు" అన్నాడు చివరికి. "ఏటేటా వచ్చే ఏడు బాగుంటుందనుకుంటా. అట్లా మా నాయన చేసినాడు. అట్లా నేను చేసినాను. అది మంచిదా చెడ్డదా, వేరేది ఏమీ చేయలేదు, ఎట్లా చెప్పేది?"

పెద్దాయన చిప్ప నింపి సుందర్‌కి ఇంకోసారి ఇమ్మన్నాడు. మాకు వచ్చిన జవాబు అదే. దాన్ని అవునుగా తీసుకోవాలో కాదుగా తీసుకోవాలో తెలియకుండానే వాగు దాటి ఇల్లు చేరాం.

మార్చిలో ఆఫీసరు వచ్చాడు. కుర్రతనం పోని ముఖం, బూట్లకి మట్టి అంటకుండా గట్ల మీద నడిచే మనిషి. వెనక ట్రాక్టరు. టేపు పట్టి కొలిచాడు. ట్రాక్టరు ఎక్కలేని మెరక నేల, రాళ్ల చెక్క తీసేస్తే దున్నడానికి పనికొచ్చేది మూడున్నర దగ్గర ఆగింది.

"ఆ పల్లం కలిపితే నాలుగు అవుతుంది" అన్నాడు.

"దాంట్లో కసేరా ఉంది" అన్నాడు సుందర్, కర్రపెండలాన్ని మా హిందీలో అనే మాట అది. "నాలుగు నెల ఆగితే అయిపోతుంది."

"నాలుగు నెలలకి నాటే అదను దాటిపోతుంది. ఇవాళే ట్రాక్టరు మీ వంతు. రేపు పక్క రోడ్డుకి పోతుంది." ఆయన గొంతులో విసుగు లేదు. "అది తిండి పంట, నేను కాదనను. కానీ ఫారంలో దానికి గడి లేదు."

ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపలేదు. సుందర్ నా వైపు తిరిగాడు.

"నువ్వు వేసినావు. నువ్వే చెప్పు, సర్లా."

అంతమంది ముందు అతను నన్ను అలా అడగడం అదే మొదటిసారి. అరుగు మీద అత్త ఉంది. ఆమె ఏమైనా అంటుందని చూశాను. వాగు అవతల లీతియా ఇంటి పొగ లేస్తోంది. నాలుగెకరాలు నాటితే లీజు నిలబడుతుందేమో. నాటకపోతే ఉన్నదీ పోతుందేమో. లీతియా అర్థం చేసుకుంటుందేమో. ఒక్కటీ గట్టిగా తేలని ఆలోచనలు, చేతిలో నీళ్లలా జారిపోతున్నాయి.

"దున్నించు" అన్నాను.

నేనే అన్నానా అనిపించింది. గంట కూడా పట్టలేదు. సగం ఊరిన దుంపలు, వేలెడంత తెల్లగా, నాగలి చాళ్లలో పైకి లేచాయి. కొన్ని ఏరి బుట్టలో వేశాను. ట్రాక్టరు మోత విని లీతియా వాగు దాటి వచ్చింది. గట్టు మీద నిలబడి చూసింది. నేను బుట్ట ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు. వంగి, నలగని కర్రలు ఏరుకుని, మోపు కట్టుకుని నెత్తిన పెట్టుకుంది.

"లీతియా, నాలుగెకరాలు కావాలన్నారు..."

"విన్నాను" అంది. వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి పది నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. వైలెకా మార్కెట్లో ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. అత్త పల్లం వైపు ఉన్న కిటికీ దగ్గర కూర్చోవడం మానేసింది.

చెరకు మాత్రం అద్భుతంగా వచ్చింది. అంతటి కరువు తర్వాత, కొత్త ముచ్చెలు, నిండా ఎరువు, వానలు. డిసెంబరుకి మనిషెత్తు దాటింది. పల్లంలోదయితే ఇంకా పైకి. సుందర్ ద్రాసా మానేసి పొలంలోనే ఉండేవాడు. కలుపు తీస్తూ పాటలు పాడుకునేవాడు, లీజు సంగతి తేలలేదన్నదే మరిచిపోయాడు. నేనూ మరిచిపోయేదాన్ని, కొన్ని పూటలు.

క్రిస్మస్ ముందు వారం సువా నుంచి లీజు ఆఫీసు ఉత్తరం వచ్చింది. లీజు పొడిగించలేదు. భూమి సొంతదార్లకే తిరిగి వెళుతుంది. ఇల్లు ఖాళీ చేయడానికి కొంత గడువు. చెరకు సంగతి ఒక వాక్యంలో ఉంది. విమ్లా దాన్ని మూడుసార్లు చదివింది, ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. కోసుకునే హక్కు మాదో కాదో అడగడానికి సుందర్ రాకిరాకి వెళ్లాడు, లౌటోకా వెళ్లాడు. ఒకరు దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఒకరు వకీలుని చూసుకోమన్నారు. తిరిగి వచ్చి, ఉత్తరం మడిచి, దేవుడి పటం వెనక పెట్టాడు.

మా ఊళ్లో లీజు పోయినవాళ్లలో కొందరు టాబియా వైపు వెళ్లారు, కొందరు సువా పక్కన రేకుల ఇళ్లకి. మేం ఎటు పోవాలో తేల్చుకోలేదు. అత్త అంది: "నేను యాడికీ రాను. మునస్వామిని ఈ కొండ కిందే కాల్చినాం." అది వాదన కాదు, మాకూ తెలుసు. అయినా సామాను మూట కట్టడం వాయిదా వేస్తూ పోయాం.

కొత్త ఏడు మొదటి వారంలో లీతియా తమ్ముడు వచ్చాడు. పెద్దాయన చెప్పిన తమ్ముడి కొడుకుల్లో పెద్దవాడు, ముప్పై ఐదేళ్ల మనిషి. పొలంతో పాటు మేం నాటిన చెరకూ ఇప్పుడు అతనిది. గుమ్మంలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, రెండో ఎరువు ఎప్పుడు వేయాలని సుందర్‌ని అడిగాడు.

తలుపు వేసేస్తాడనుకున్నాను. సుందర్ చెప్పులు వేసుకుని అతనితో పొలంలోకి నడిచాడు. మధ్యాహ్నం దాకా రాలేదు. మర్నాడూ వెళ్లాడు. ఏ వరసలో పురుగుందో, కాలువ ఎక్కడ తెగ్గొట్టాలో, చక్కెర మిల్లులో ఎవరితో ఎలా మాట్లాడాలో, అన్నీ చూపించాడు. మూడో రోజు అడిగాను.

"మన పొలం తీసుకున్నవాడికి నేర్పిస్తున్నావు. ఎందుకు?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "అది ఎండిపోతే నేను చూడలేను" అన్నాడు. "ఎవరిదైనా."

ఆ మాటకి ఏడవాలో కోప్పడాలో తెలియలేదు. ఆ నెలంతా అతను సొంతదారు పొలంలో రోజుకూలీగా పని చేశాడు, తను నాటిన చెరకుకే. కూలి సరిగ్గానే ఇచ్చారు, అది కూడా చెప్పాలి. చెరకు పోయిన ఏడు కంటే ఆ నెల మేం కడుపు నిండా తిన్నాం. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకిప్పటికీ ఎవరూ చెప్పలేదు.

జనవరి ఆఖరులో ఒక పొద్దున్న లీతియా వచ్చింది. నేను సామాను మూట కడుతున్నాను, ఎక్కడికో తెలియకుండానే. అరుగు మీద కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది.

"మీ ఆయన పోతే గన్నా పోతుంది. మా తమ్ముడికి తెలియదు. మీరు ఉండండి. ఇల్లు ఉంచుకోండి."

"లీజు లేదు కదా."

"పెదనాన్న ఉండమన్నాడు. మిగతా వాళ్లూ ఊ అన్నారు." అంటూ ఆమె ఇంటి పక్కకి నడిచింది. గోడ నుంచి చింతచెట్టు దాకా అడుగులేసుకుంటూ వెళ్లి, అక్కడి నుంచి రోడ్డు దాకా తిరిగి, మడమతో నేల మీద గీత గీసింది. "ఇంత మీరు వేసుకోండి. తినడానికి. గన్నా వద్దు."

నాకు క్షమించమని అడగాలనిపించింది. అడిగితే ఏమంటుందో భయమేసింది. బదులుగా నోటికి వచ్చింది అడిగాను:

"ఎన్నాళ్లకి?"

లీతియా నా వైపు వింతగా చూసింది. ఆ ప్రశ్న ఆమెకి నిజంగానే అర్థం కాలేదని ఆ చూపులో తెలిసింది.

"దుంప ఊరేదాకా" అంది.

అంటే ఒక్క పంటకా, లేక దాని తర్వాత ఇంకొకటీ, ఆ తర్వాత మరొకటీనా? అడగబోయి ఆగాను. ఆమె అప్పటికే వాగు వైపు నడుస్తోంది. అత్త లోపలి నుంచి పార తెచ్చి గోడకి ఆనించి, గీత దగ్గర పీట వేసుకుని కూర్చుంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గీతకి ఇవతల మొదటి గుంట తవ్వాను.